తప్పిపోని తాత

నేను పెళ్ళిళ్ళ వీడియోలు తీస్తూ ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. పెళ్ళిలో కెమెరా భుజాన పెట్టుకుని పందిట్లో అడుగుపెడితే ఆ సంగతి అందరికీ తెలుస్తుంది. ఆడవాళ్ళు చీర సర్దుకుంటారు. లడ్డూ నములుతున్నవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అలిగిన మావగారు మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఎవరైనా తియ్యొద్దంటే తియ్యకూడదు, అంతే. చాలా ఏళ్ళపాటు నాకు తెలిసిన మర్యాద అదొక్కటే. తరవాత శ్రీకాకుళంలో ఒక స్థానిక ఛానల్లో కెమెరామన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడు మీరు, అంటే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, ఫోన్లు దాచిపెట్టి రోడ్డు మీద పోయేవాళ్ళకి రకరకాల పరీక్షలు పెడుతున్నారు. ఒకడు పర్సు పడేసుకుంటాడు, ఇంకొకడు కళ్ళు తిరిగి పడిపోయినట్టు నటిస్తాడు. ఎవరు ఆగారు, ఎవరు ఆగలేదు అని మీరు లెక్క చెబుతారు. ఇంట్లో కూర్చుని నేనూ చూస్తుంటాను, కొన్నిటికి నవ్వుతాను కూడా. మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ పని మీకంటే ముందు నేనే చేశాను. ఎలా చేశానో చెబుతాను, వినండి.

భోగాపురంలో విమానాశ్రయం పనులు జోరుగా సాగుతున్న రోజులవి. మా ఇన్‌చార్జి గారు మంచి మనిషే, కాకపోతే బుర్రలో ఒక ఆలోచన పుట్టిందంటే ఆయనకి కాలు నిలవదు. మన జనంలో జాలీ దయా మిగిలి ఉన్నాయా లేదా అని ఒక ప్రత్యేక కార్యక్రమం చెయ్యాలన్నాడు. ఒక ముసలాయన దారి తప్పిపోయి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండులో కూర్చుంటాడు, ఎవరు పలకరిస్తారో మనం చాటుగా తీస్తాం, ఇదీ సంగతి. షూటింగుకి రెండు రోజుల ముందే ఆయన చివరి వ్యాఖ్యానం రాసేసి రికార్డు చేయించేశాడు. "మానవత్వం ఎటు పోతోంది?" అని అందులో గొంతు వణికించి మరీ అడిగించాడు. జవాబు ఆయనకి ముందే తెలుసన్నమాట.

ముసలాయన వేషానికి విజయనగరం నుంచి ఒక నాటకాల మాస్టారిని పిలిపించాం. అరవై దాటిన మనిషి, స్టేజీ మీదే తల నెరిసింది. మేం చెప్పకుండానే రెండు కాళ్ళకీ వేరువేరు చెప్పులు వేసుకొచ్చాడు. తప్పిపోయినవాడి దగ్గర ఫోనెందుకుంటుందని ఇన్‌చార్జి గారు ఆయన ఫోను తీసేసుకున్నాడు. కండువా మడతలో చిన్న మైకు పెట్టాం. నేను కాంప్లెక్సు గేటు దగ్గర అద్దెకి తీసుకున్న ఆటోలో, పాత చీర అడ్డం కట్టుకుని కెమెరాతో కూర్చున్నాను. మైకులో వినపడేదంతా నా చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులో వినిపిస్తుంది. నేను తీస్తున్నది ఆఫీసులో ఇన్‌చార్జి గారి తెర మీద కనపడుతుంది, కానీ రికార్డయ్యేది నా కెమెరా కార్డులోనే. మా ఛానల్ రిపోర్టరమ్మాయి పక్క బెంచీ మీద వారపత్రిక చదువుతున్నట్టు కూర్చుంది. నేను ఆటో దిగి నల్ల గొడుగు విప్పితే ఆట అయిపోయినట్టు. అప్పటిదాకా ఏం జరిగినా వేషం విడవనని మాస్టారు మాట ఇచ్చాడు. ఆ మాటే మా కొంప ముంచింది.

మొదటి పదిహేను నిమిషాలు ఇన్‌చార్జి గారు కోరుకున్నట్టే జరిగింది. బస్సుల కోసం పరుగులు పెట్టేవాళ్ళు మాస్టారిని చూసి చూడనట్టు పోయారు. ఆఫీసు నుంచి ఆయన ఫోను చేసి బాగుంది, బాగుంది అంటున్నాడు. ఇంతలో టౌను బస్సు దిగి ఒకావిడ వచ్చింది. నలభైకి అటూఇటూ వయసు. ఇస్త్రీ చేసిన నీలం చీర, చంకలో ఒక ప్లాస్టిక్ కవరు. బయటికి పోయే గేటు వైపు గబగబా నడుస్తోంది. మాస్టారిని దాటి నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

ఏ ఊరు తాతా నీది, అని అడిగింది. మాస్టారు మేం నేర్పినట్టు తల అడ్డంగా ఊపాడు. మేం ఆయనకి నేర్పింది అంతవరకే. ఒకసారి అడుగుతారు, జవాబు రాకపోతే వెళ్ళిపోతారు అనుకున్నాం. ఎంత తెలివితక్కువతనమో చూడండి. పుట్టి పెరిగింది ఈ గడ్డ మీదే కదా, మనవాళ్ళు ఒక్క ప్రశ్నతో ఎప్పుడైనా వదిలారా? ఊరు చెప్పకపోతే ఇంటిపేరు అడుగుతారు. అదీ చెప్పకపోతే పిల్లనెక్కడిచ్చావని అడుగుతారు. పెళ్ళిచూపుల్లోనైనా ఇంత నిలదీయరు. ఆవిడ నేల మీద గొంతుక్కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, ఒకటి తరవాత ఒకటి అడుగుతూనే ఉంది. మాస్టారికి ఊపిరాడలేదు. చివరికి కూతురుంది, భావనపాడులో ఉంటుంది అనేశాడు. ఎప్పుడో ఆ ఊళ్ళో నాటకం ఆడాడట, నోటికి ఆ పేరే వచ్చింది.

"భావనపాడా? ఓలమ్మ, మా కన్నోరిది పక్కూరే తాతా. అయితే నువ్వు మావోడివే," అందావిడ.

అప్పటికి చుట్టూ జనం మూగారు. ఒకాయన నీళ్ళ సీసా ఇచ్చాడు, ఇంకొకామె అరటిపండు ఒలిచి పెట్టింది. ఇన్‌చార్జి గారి వ్యాఖ్యానం అక్కడికక్కడే పాడైపోయింది, నాకు లోపల నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అసలు తప్పు చేశాను. ఆవిడ తలెత్తి గోడ గడియారం చూసింది. తరవాత చంకలో కవరు చూసుకుంది. నేను కవరు మీదికి జూమ్ చేశాను. పైనుంచే పదో తరగతి సర్టిఫికెట్టూ, అంచున గుచ్చిన పాస్‌పోర్టు ఫొటో రెండూ కనపడుతున్నాయి. ఆవిడ మళ్ళీ గడియారం చూసింది. ఈసారి మొహం మీదికి జూమ్ చేశాను. కింది పెదవి పంటితో నొక్కిపెట్టుకుని ఉంది.

నేను మొహాలు తీసి బతికినవాణ్ణి. అప్పగింతలప్పుడు ఏ తల్లి ఏడుస్తుందో ఒక నిమిషం ముందే పసిగట్టి కెమెరా అటు తిప్పేవాణ్ణి. ఈవిడకి ఎక్కడో పని ఉంది, ఆలస్యమైపోతోంది, ఆ పని చిన్నది కాదు అని నాకు తెలిసిపోయింది. తెలిసినవాణ్ణి, గొడుగు విప్పాల్సింది. షాటు బాగా వచ్చిందనుకుని చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

టెక్కలి బస్సు వచ్చింది. ఈ తాతని టెక్కలిలో దింపి భావనపాడు పోయేవాళ్ళకెవరికైనా అప్పజెప్పమని ఆవిడ కండక్టరుని బతిమాలింది. ఒప్పజెప్పాక తప్పిపోతే ఎవరిది పూచీ అన్నాడాయన. అదీ నిజమే. ఆవిడ మూడోసారి గడియారం చూసింది. తరవాత ఇక చూడలేదు. కవరు మడిచి జాకెట్టు పక్కన దోపుకుంది.

నా చెవిలో ఆ మాట స్పష్టంగా వినపడింది. "దా తాతా. నాను దిగబెట్టేస్తాను."

నేను గొడుగు అందుకున్నాను. అదే క్షణంలో ఫోను మోగింది. ఆపొద్దు, ఇది బంగారం, పూర్తిగా రానివ్వు అన్నాడు ఇన్‌చార్జి గారు. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని బస్సు కదిలేదాకా అలాగే ఉన్నాను. మా రిపోర్టరమ్మాయి లేచి నా వైపు చూస్తోంది, జనం అడ్డం వల్ల మాస్టారికి నేనూ కనపడలేదు, ఆమె కూడా కనపడలేదు. బస్సు మలుపు తిరిగింది. ఇయర్‌ఫోనులో గరగర మిగిలింది. మానవత్వం ఎటు పోతోందని అడిగాం కదా, మా కళ్ళముందే టెక్కలి బస్సెక్కి పోయింది.

మాస్టారు తరవాతి స్టాపులో దిగి వచ్చేస్తాడులే అనుకుని టీ తాగుతూ కూర్చున్నాం. నలభై నిమిషాలు గడిచినా రాలేదు. ఫోను చేద్దామంటే ఆయన ఫోను మా ఆఫీసు సొరుగులో ఉంది. ఇక తప్పదని తరవాతి బస్సెక్కి నేనూ ఆ అమ్మాయీ బయల్దేరాం. టెక్కలిలో దిగి షేరాటో ఎక్కాం. నౌపడ ఉప్పుమడుల మీద ఎండ కళ్ళలో గుచ్చుతోంది.

ఊళ్ళో అడుగుపెట్టకముందే మైకు వినపడింది. చర్చి మైకు. ఒక పెద్దాయన దారి తప్పి వచ్చి ఉన్నారు, ఆయన కూతురు గానీ అల్లుడు గానీ ఎవరైనా ఉంటే దయచేసి చర్చి దగ్గరికి రావాలి అని పదేపదే చెబుతున్నారు. వెళ్ళి చూస్తే మాస్టారు వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పళ్ళెం, అన్నం, చేపల పులుసు. తల వంచుకుని తింటున్నాడు. నన్ను చూసి ముద్ద నోటి దగ్గర ఆపేశాడు. చేపల వేట నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు సైకిళ్ళేసుకుని పక్క పేటలకి వెతకడానికి పోయారట. ఆవిడ కూడా ఇల్లిల్లూ తిరుగుతూ, లేని కూతుర్ని వెతుకుతోందట.

మా రిపోర్టరమ్మాయి ఊరి పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నేను చెప్పాల్సింది, వయసులో పెద్దవాణ్ణి. చెబుతున్నప్పుడు ఆమె గొంతు వణికింది, ఇది మాత్రం రికార్డు చేయించింది కాదు. పెద్దమనిషి విన్నాడు. మైకు ఆపమని సైగ చేశాడు. కొడతారేమో అని నేను కెమెరా సంచి వెనక్కి పెట్టుకున్నాను.

"మమ్మల్ని పరీచ్చ సేయడానికి మీరెవులు బావు?" అన్నాడు. అరవలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

కాసేపటికి ఆవిడ వచ్చింది. నీలం చీర అంచంతా ఇసక. ఆ అమ్మాయి ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకుని, అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచి, మేం ఒక తప్పు చేశాం అంటూ మొత్తం చెప్పింది. ఆవిడ మా ఇద్దరినీ చూసింది, కెమెరా సంచిని చూసింది, మాస్టారిని చాలాసేపు చూసింది. తిట్టినా బాగుండేది. మొదట అడిగింది ఇది.

"అయితే తాతకి ఇల్లున్నాదా?"

ఉందమ్మా, విజయనగరంలో అన్నాను.

"కూతురు?"

కూతురింట్లోనే ఉంటాడన్నాను. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలింది.

"పోన్లే. ఎవులూ తప్పిపోలేదు కదా," అంది.

అని చర్చి మెట్టు మీద కూర్చుని, దోపుకున్న కవరు తీసి మోకాలి మీద పెట్టుకుని మడతలు సాపు చేసుకుంది. అప్పుడు తెలిసింది. విమానాశ్రయంలో పనివాళ్ళ కోసం ఒక కాంట్రాక్టు సంస్థ ఆరోజు పదకొండు గంటలకి శ్రీకాకుళంలో ఇంటర్వ్యూలు పెట్టింది. ఆవిడ అక్కడికే వెళ్తోంది. భర్త పోయాక హాస్టల్లో గిన్నెలు తోముతూ నెట్టుకొస్తోంది. ఇదైతే నెల జీతం, యూనిఫారం ఉంటాయి. వయసు హద్దు దాటకముందు ఇదే ఆఖరి అవకాశం. పదో తరగతి పాసైన కాగితం ఇరవై ఏళ్ళుగా పెట్టెలో పడి ఉంది, దాన్ని చూపించమని ఒకరు అడగడం ఇదే మొదటిసారని చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. ఏడ్చింది మాస్టారు.

తిరుగు బస్సులో ఆయన నా పక్కన కూర్చుని, తెర దించే మనిషి కనపడలేదు బాబూ, అందుకని మొదట కాసేపు ఉండిపోయాను అన్నాడు. ఆ తరవాత ఆవిడ చెయ్యి పట్టుకుందట. సీటివ్వండి, మా తాత అని అందరితో చెప్పిందట. పట్టుకున్న చెయ్యి విడిపించుకుని నేను వేషగాణ్ణని చెప్పడానికి నోరు పెగల్లేదన్నాడు. స్టేజీ మీద ఎంత పెద్ద పాత్రకీ తనకింత భయం వెయ్యలేదట.

మర్నాడు పొద్దున్న ఇన్‌చార్జి గారు మహా హుషారుగా ఉన్నాడు. కొత్త వ్యాఖ్యానం రాసేశాడు. ఈసారి మానవత్వం బతికే ఉందట. ఆవిడని స్టూడియోకి పిలిచి శాలువా కప్పుదామన్నాడు. ఆవిడకి కావాల్సింది శాలువా కాదు, పోయిన ఇంటర్వ్యూ అన్నాను. మన వల్లే రాలేకపోయిందని ఆ సంస్థకి మనం ఉత్తరం ఇవ్వాలన్నాను. అలా రాసిస్తే మనమే నాటకం ఆడించామని ఊరంతా నవ్వుతుందని ఆయన బాధ. ఫుటేజీ ఇమ్మన్నాడు. మెమరీ కార్డు నా చొక్కా జేబులో ఉంది. ఉత్తరం ఇస్తే ఇస్తానన్నాను. అన్నేళ్ళ ఉద్యోగంలో పైవాడికి ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే, అదీ రిటైర్మెంటు దగ్గరపడ్డాక. పెద్ద వీరుణ్ణేం కాదు.

గంట తరవాత ఆయనే లెటర్‌హెడ్ తెచ్చుకుని రాశాడు. ఆవిడ మా కార్యక్రమంలో పాల్గొన్నందువల్ల హాజరు కాలేకపోయిందని రాశాడు. రిపోర్టరమ్మాయి అది చదివి, ఆవిడ ఎక్కడ పాల్గొంది సార్, మనం మోసం చేశాం కదా అంది. ఆయన ఆమెని చూశాడు, నన్ను చూశాడు, ఇంకో కాగితం తీసుకుని అలాగే రాసి సంతకం పెట్టాడు. ఉత్తరం ఇవ్వడానికి కూడా తనే వచ్చాడు. అందుకే మొదటే చెప్పాను, మంచి మనిషని.

ఆ సంస్థ ఆఫీసులో కుర్రవాడొకడు ఉత్తరం చదివి, కెమెరా చిన్న తెర మీద ఫుటేజీ చూశాడు. ఆవిడ గడియారం చూడడం, కవరు దోపుకోవడం, బస్సెక్కడం అన్నీ చూశాడు. ఈ విడత జాబితా పైకి వెళ్ళిపోయింది, దీన్ని మార్చలేను, రెండు నెలల్లో ఇంకో విడత ఉంటుంది, వయసు ఈ తేదీకే లెక్కపెట్టి అందులో పేరు రాసుకుంటానన్నాడు. అంతకుమించి మాట ఇవ్వలేదు. ఇవ్వనందుకు అతని మీద గౌరవమే కలిగింది. రెండో విడతలో ఆవిడ తన కాగితం తనే చూపించుకుని, తన జవాబులు తనే చెప్పుకుని ఉద్యోగం తెచ్చుకుంది. ప్రయాణికుడు ఎవరైనా దారి తప్పితే ఏం చేస్తావని అక్కడ అడిగారట. నిజంగా తప్పినోడేనా సార్ అని ఈవిడ అడిగిందట. వాళ్ళకి అర్థం కాలేదు, మాకు అయింది.

కార్యక్రమం వేసుకోమంటావా అని ఆవిడనే అడిగాం. ముందు నాకు చూపించమంది. చూసి, తాత బాగా సేసాడు అని మెచ్చుకుంది. తన మొహం కనపడితే ఫరవాలేదు గానీ, భావనపాడోళ్ళు అన్నం పెట్టి మోసపోయారని నలుగురూ నవ్వుతారు, వొద్దు అంది. ఏ బొత్తాం నొక్కితే చెరిగిపోతుందో చూపించాను. ఆవిడే నొక్కింది.

మాస్టారు మాత్రం ఊరుకోలేదు. ఆ మరుసటి వేసవిలో తన బృందాన్ని తీసుకుని భావనపాడు వెళ్ళి, ఇది నాటకం అని మైకులో మూడుసార్లు చెప్పించి మరీ ఒక సాంఘిక నాటకం ఆడాడు. ఆవిడా వెళ్ళింది. ఊరంతా ఆయన్ని తప్పిపోయిన తాత అనే పిలుస్తోందట. అదే చేపల పులుసు మళ్ళీ పెట్టారని, ఈసారి రుచి తెలిసిందని ఫోను చేసి చెప్పాడు. రిపోర్టరమ్మాయి ఇప్పుడు పెద్ద ఛానల్లో ఉంది. చాటు కెమెరా పని ఎవరు చెప్పినా, అవతలివాళ్ళ చేతిలో ఏముందో ముందు చూస్తానంటుంది. నేను కవరు చూశాను, సర్టిఫికెట్టూ చూశాను. నాకు కనపడకపోవడం కాదు జరిగింది. అది కూడా మీరు గుర్తుపెట్టుకోవాలి.

మొన్నామధ్య నాకు శుక్లాల ఆపరేషనైంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అదే కాంప్లెక్సులో, ఇంచుమించు అదే బెంచీ మీద, ఒళ్ళో సంచితో కూర్చున్నాను. మా ఆవిడ చుక్కల మందు కొనడానికి బజారుకి వెళ్ళింది. మసక మసకగా యూనిఫారంలో ఒకామె నన్ను దాటి వెళ్ళడం, ఆగడం తెలిసింది. వెంటనే రాలేదు. అటు చూసింది, ఇటు చూసింది, ఆటోల వరస వైపు తలెత్తి చూసింది. అప్పుడు వచ్చి, ఏ ఊరు బావు, నీ కోసం ఎవులైనా వస్తారా అని అడిగింది.

గొంతు గుర్తుపట్టాను. అద్దాలు తీశాను, నన్ను చూసి నవ్వింది, బాగున్నావా, కళ్ళకేటైనాది అని అడిగింది. భోగాపురంలో డ్యూటీ దిగి ఇంటికి వెళ్తోందట. నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆ అటూఇటూ చూడడం నేను నేర్పిందే కదా. మనిషిని పలకరించే ముందు ఆవిడ ఇదివరకు అలా చూసేది కాదు. ఉండబట్టలేక అడిగేశాను, దేనికోసం చూశావమ్మా అని.

కెమెరా ఏదైనా ఉన్నాదేటని, అంది ఏమీ దాచకుండా.

కనపడి ఉంటే వెళ్ళిపోయేదానివా, అన్నాను.

ఆవిడ సంచి భుజం మార్చుకుంది. "ఎలాగెల్తాను బావు? నువ్వు నిజంగా తప్పిపోయుంటే?" అంది.

మా ఆవిడ వచ్చేదాకా నా పక్కనే కూర్చుంది.